డికాషను రంగు గోడకు తెల్ల పట్టీ

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఏ కంపెనీ రంగు మంచిదని. రెండోది, నిచ్చెన మీద రోజంతా నిలబడితే నడుము ఏమవుతుందని. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు, కంపెనీలు మారిపోయాయి. రెండోదానికి ఉంది: నడుము పోతుంది. ఇవి పక్కన పెడితే నేను చెప్పగలిగింది ఒక్కటే. రంగు గోడకు వేస్తాం గానీ, దాంతో బతకాల్సింది గోడ కాదు. తెల్లవారి లేచి ఆ గోడల మధ్య తిరిగే మనుషులు. ఇది నాకు పుట్టుకతో తెలిసిన సంగతి కాదు. తిరుపతిలో ఒక ఇంట్లో తప్పు మీద తప్పు చేసి తెలుసుకున్నాను. ఆ ఇంటి సంగతి రాయడానికే ఇది మొదలుపెట్టాను.

మా నాయన మగ్గం నేసేవాడు. నాకు ఏడేళ్ళ వయసులో భజన మందిరానికి తీసుకుపోయి పాశురాలు చెప్పుకునే గోష్ఠిలో కూర్చోబెట్టాడు. నాకొచ్చిన చదువు సగం బడిలోది, సగం ఆ గోష్ఠిలోది. పెద్దలు ఒక పాదం చెబితే మేము రెండోది అందుకోవడం, అర్థం తర్వాత అడగడం. స్వామి పేరు తలవకుండా నేను ఏనాడూ కుంచె ముంచలేదు. నా రాతలో ఆయన మాట ఎక్కువగా వస్తే చదివేవాళ్ళు మన్నించాలి. నా పని, నా నమ్మకం విడివిడి డబ్బాల్లో ఉన్నవి కావు.

పాలు పోయకముందు

డెబ్బైల మొదట్లో నేను పనిలోకి వచ్చినప్పుడు ఇంటి లోపల సున్నమే. అడుగున జానెడు జాజు పట్టీ. కొంచెం ఉన్నవాళ్ళయితే సున్నంలో నీలమో పచ్చో కలపమనేవాళ్ళు. తర్వాత ఎనామిలు డబ్బాలు విరివిగా వచ్చాయి. వాటిలో అందరికీ పిచ్చి పట్టించింది ముదురు గోధుమ రంగు. డబ్బా మీద డార్క్ బ్రౌన్ అని రాసి ఉండేది గానీ, మావైపు ఎవరూ ఆ పేరు పలకలేదు. చిత్తూరులో ఒకామె వంటింట్లోంచి ఫిల్టరు గిన్నె తెచ్చి మూత తీసి చూపించింది. "ఇదో, ఈ రంగు. పాలు పోయకముందు ఎట్లుండాదో అట్ల." అప్పట్నుంచి మా గుంపులో అది డికాషను రంగు.

దాని గుణం చెబుతాను. మురికిని దాస్తుంది, దుమ్మును దాచదు. గోడ వంకరలన్నీ బయటపెడుతుంది, అందుకని గుంటలు పూడ్చే లప్పం బాగా పెట్టి, ఉప్పుకాగితంతో అరచేతికి నున్నగా తగిలేదాకా రుద్దాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది వెలుతురు తాగుతుంది. కిటికీలోంచి వచ్చిన ఎండను సున్నపు గోడ ఇంటికంతా పంచిపెడుతుంది. డికాషను గోడ తనే మింగేస్తుంది. నడుము ఎత్తు వరకు అది మంచి సేవకుడు. అంతకు మించి పైకెక్కనిస్తే యజమాని అవుతుంది.

మా మేస్త్రీ

నాకు పని నేర్పింది చిత్తూరు మునస్వామి మేస్త్రీ. మనిషి పొట్టి, నోరు పెద్దది. మెచ్చుకోవడం తెలియదు. ఎంత బాగా చేసినా "పరవాలే" అనేవాడు, అదే మాకు బిరుదు. డబ్బా మూత తెరిచే ముందు ఖాళీ గదిలో మమ్మల్ని కాసేపు కూర్చోబెట్టేవాడు.

"గోడను సూసింది సాలు. ఈడ కూసునేవోడు ఎవుడో, యాడ కూసుంటాడో అది సూడు."

పూతలపట్టులో ఒక బెల్లం వ్యాపారి ఇంటికి పోయాం. ఆయన రోజూ గోడకు ఆనుకుని కూర్చునే చోట తలనూనె మరక చాటంత ఉంది. నాలుగుసార్లు సున్నం కొట్టారట, నాలుగుసార్లూ పైకి తేలింది. మా మేస్త్రీ ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, తల ఆనే ఎత్తు కొలిచి, గది చుట్టూ అంతవరకే డికాషను రంగు వేయించాడు. పైన సున్నమే ఉంచాడు. గది చూసి వ్యాపారి నవ్వి అన్నాడు.

"నా తల ఆనే సోటుకంతా కొట్టినావు మేస్త్రీ. ఇంక నా తలకు కూడా కొడతావా?"

"నీ తలకు ఏ రంగూ నిలవదు సామీ. ఆముదం జాస్తి."

ఆ గది ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. నూనె మరక కనపడలేదు, వెలుతురూ తగ్గలేదు. ఆ రంగును ఎక్కడ ఆపాలో మా మేస్త్రీకి తెలుసు. నాకూ నేర్పాడు. నేర్పినది శిష్యుడికి అక్కరకొచ్చే వేళకు శిష్యుడి తలకు గర్వమెక్కితే గురువు ఏం చేస్తాడు?

పెద్దస్వామి హాలు

డెబ్బైల చివరికి నేను తిరుపతిలో సొంతంగా మేస్త్రీనయ్యాను. మా గోష్ఠిని నడిపే పెద్దాయన అలిపిరి దారిలో ఒక వీధిలో ఉండేవారు. బడిపంతులుగా పనిచేసి దిగిపోయారు. మేమంతా పెద్దస్వామి అనేవాళ్ళం. ఆయన రోజూ తెల్లవారుజామున స్నానం చేసి, ఇంట్లో పెరుమాళ్ళను సేవించుకుని, వీధి చివర ఉన్న భజన మందిరానికి ఒంటరిగా నడిచివచ్చేవారు. పుస్తకం ఒళ్ళో తెరిచిపెట్టుకుని మొదటి పాదం ఎత్తుకునేవారు. నేను శనివారాలు పోయేవాణ్ణి. కులం అడగకుండా, తప్పు పలికితే కోప్పడకుండా మూడు తరాలకు నేర్పారు. నాకు ఆచార్యుడి స్థానం ఆయనదే.

ఆయనకు శతాభిషేకం దగ్గరపడింది. వెయ్యి పున్నమి చంద్రుల్ని చూసిన మనిషికి పిల్లలు చేసే ఉత్సవం అది. కొడుకు వరదాచారి, మాకు చిన్నస్వామి, ఆఫీసు ఉద్యోగి, తండ్రి అంటే ప్రాణం. బంధువులంతా వచ్చేలోపు హాలు కొత్తగా మార్చాలని నన్ను పిలిపించాడు. మద్రాసులో వాళ్ళ పెద్ద ఆఫీసరు ఇంట్లో హాలు చూసి వచ్చాడట.

"నాలుగు గోడలూ డికాషను రంగే మేస్త్రీ. తలుపులూ, వాకిళ్ళూ అదే. ఎక్కడ గోడ ఆగిందో ఎక్కడ తలుపు మొదలైందో తెలియకూడదు. అది ఫ్యాషను."

ఆ హాలుకు ఒకటే కిటికీ. మూడు వాకిళ్ళు: ఒకటి పెద్దస్వామి గదికి, ఒకటి పెరుమాళ్ళ గదికి, ఒకటి వీధికి. తలుపులకు అప్పటికే ముదురు రంగు ఉండేది, గోడలకు సున్నం. చీకటి పడుతుందని ఒక మాట చెప్పాను. ఒక్క మాటే. నిజం రాయాలంటే, నాకూ ఆ పని చేయాలని ఉంది. పైనుంచి కిందికి అద్దంలా మెరిసే డికాషను హాలు అప్పటికి తిరుపతిలో నేను చూడలేదు. నేను చేసి చూపించాలనుకున్నాను.

కోడలు వేదవల్లమ్మ ఇంటి మంచిచెడ్డలన్నీ చూసుకునే మనిషి. మొదటి కోటింగు వేస్తుండగా వచ్చి నిలబడింది.

"ఇది హాలా మేస్త్రీ, బొగ్గుల కొట్టా? వాకిళ్ళకైనా తెలుపు పెట్టకూడదా?"

"ఫ్యాషనమ్మా," అన్నాను.

"ఫ్యాషనుకు కండ్లు ఉండవా?" అని లోపలికి పోయింది.

పెద్దస్వామి కుర్చీలో కూర్చుని అంతా వింటున్నారు. కాసేపటికి అడిగారు. "తలుపులు ఏ రంగప్పా?"

"అదే రంగు స్వామీ."

"ఓహో," అన్నారు.

పనిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. ఇంట్లో ఎక్కువ మాట్లాడేవాడు చెప్పినట్టు మనం రంగు వేస్తాం. "ఓహో" అని ఊరుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళ దగ్గర కూర్చుని ఇంకో ప్రశ్న అడగాలి. నేను అడగలేదు. బ్రష్షు ఆరిపోతుందని తొందర.

తడి గోడ

వాకిళ్ళ చుట్టూ అంతవరకు మిగిలిన సున్నాన్ని కూడా కప్పేసి, చివరి కోటింగు ఒక సాయంత్రం పూర్తిచేశాను. అప్పటి ఎనామిలు ఆరడానికి ఒక పూర్తి రోజు కావాలి. దుమ్ము లేవకముందే ఎలా ఉందో చూద్దామని మర్నాడు పొద్దు పొడుస్తుండగానే పోయాను. రంగు అంటుకోకుండా వీధి తలుపు గడియ పెట్టకుండా దగ్గరికి వేసి ఉంచారు. హాల్లోకి అడుగుపెట్టి నిలబడిపోయాను.

పెద్దస్వామి గది వాకిలి దగ్గర మొదలై, గోడ పొడవునా, ఛాతీ ఎత్తులో అరచేతుల ముద్రలు. ఒకదాని తర్వాత ఒకటి. పెరుమాళ్ళ గది వాకిలి దాటి ముందుకు పోయి, మూలదాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. స్నానం అయింది, తిరునామం పెట్టుకున్నారు. చేతులు రెండూ ఉత్తరీయం కింద దాచుకున్నారు.

"ఎవరూ?"

"నేనే స్వామీ, నరసింహులు."

"నువ్వేనా. మంచిదప్పా. తలుపు వెయ్యి."

కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఆయన ముందు కూర్చున్నాను. చేతులు చాపారు. అరచేతుల నిండా నా రంగు. ఒక్కో వేలూ తుడుస్తుంటే మెల్లగా చెప్పారు.

"నాలుగేండ్లయినాది నాయనా. మొగాలు కనపడవు. తెలుపు, నలుపు తెలుస్తాది. తెల్లగోడ పట్టుకుని పోతా ఉంటే నల్లగా వస్తాది, అదే వాకిలి. వీధిలో కాలవగట్టుకు సున్నం కొట్టినారు గదా, దాని వెంబడి పోతే మందిరం. ఎట్లో జరిగిపోతాండాది. ఇప్పుడు నా ఇంట్లో నాకు వాకిలి లేకుండా చేసినావు."

"పుస్తకం చదువుతారు గదా స్వామీ?"

"పుట తిప్పుతా. చదువుతానని ఎవరు చెప్పినారు?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇన్ని శనివారాలు ఎదురుగా కూర్చున్నాను, ఆ కళ్ళలోకి ఒక్కసారైనా చూశానా?

"చిన్నస్వామికి తెలీదా?"

"తెలీకూడదు. పోయిన ఏడు మెట్టు తప్పి పడితే నెలరోజులు నన్ను గడప దాటనీలే. ప్రేమప్పా. ప్రేమతోనే కట్టేస్తాడు. కండ్లు లేవని తెలిస్తే ఇంక గోష్ఠి లేదు నాకు. ఆ నడక, ఆ గోష్ఠి పోతే నేను దేనికి? వాడికి చెప్పనని మాటియ్యి."

మాట ఇచ్చాను.

నేను చెప్పిన శాస్త్రం

వరదాచారి లేచి వచ్చి గోడ చూశాడు. ముఖం ఎర్రబడింది. "ఎవరి చేతులివి మేస్త్రీ?"

"తప్పు నాది స్వామీ. తడి గోడకు అడ్డం పెట్టలేదు," అన్నాను. అది అబద్ధం కాదు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ముద్రలు ఉప్పుకాగితంతో తీసి మళ్ళీ రంగు వేస్తే పెద్దస్వామి మళ్ళీ దారి తప్పుతారు. ఎలాగైనా వాకిళ్ళ చుట్టూ తెలుపు రావాలి.

"వాకిళ్ళకు జానెడు తెల్ల పట్టీ వేస్తాను స్వామీ. గోడకు నడుము ఎత్తున ఇంకో పట్టీ."

"వద్దు. ఒకే రంగు అని చెప్పినాను గదా. నీకు చేతకాకపోతే చెప్పు, వేరే మేస్త్రీని పిలుస్తా."

వేరేవాడు వస్తే అంతే సంగతులు. అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. అది తలచుకుంటే నాకు ఈ రోజుకీ చెవులు కాలతాయి.

"శతాభిషేకం జరిగే ఇంట్లో వాకిళ్ళకు తెల్ల పట్టీ ఉండాలని శాస్త్రం స్వామీ. గుడి గోడలకు తెలుపూ జాజూ పట్టీలు ఊరికే వేస్తారా?"

అట్లాంటి శాస్త్రం ఏదీ లేదు. నాకు తెలుసు. ఇన్నేళ్ళు గోష్ఠిలో కూర్చున్నవాణ్ణి, ఒక గోడ కోసం శాస్త్రాన్ని పుట్టించాను. మంచికే గదా అనుకున్నాను. భక్తిలో మునిగినవాళ్ళు చేసే తప్పుల్లో ఇదే పెద్దదని ఇప్పుడు అనుకుంటాను. దేవుడి పేరు మన చేతిలో పనిముట్టు అనుకుంటాం.

వరదాచారి తగ్గాడు. శాస్త్రం అంటే తగ్గే కొడుకే. కానీ పక్క కుర్చీలో తండ్రి ఉన్నారు గదా. అటు తిరిగి అడిగాడు.

"నిజమేనా నాయనా? అట్ల ఉండాదా?"

వేదవల్లమ్మ వంటింటి గడపలో కాఫీ గ్లాసుతో నిలబడింది. పెద్దస్వామి ఒక్క మాట, "అవును" అంటే చాలు. గోడకు తెలుపు వస్తుంది, ఆయన రహస్యం ఆయన దగ్గరే ఉంటుంది, గోష్ఠి ఉంటుంది. నేను మనసులో పెరుమాళ్ళకు మొక్కుకున్నాను, ఆయన అవుననాలని. ఎంత పాపపు మొక్కో చూడండి.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"లేదు వరదా. శాస్త్రంలో యాడా లేదు. నరసింహులు నా కోసం చెప్పినాడు." నా వైపు తిరిగారు. "గోడకు లప్పం పెట్టచ్చప్పా. శాస్త్రానికి పెట్టకూడదు."

తల వంచుకున్నాను.

"ఆ చేతులు నావే," అన్నారు కొడుకుతో. "నాకు కండ్లు కనపడవు. వెయ్యి చంద్రుల్ని చూసినాడని మీరు ఉత్సవం చేస్తాండారు గదా. కడపటి యాభై నేను చూడలే. లెక్కలో తీసేసుకోండి."

వరదాచారి ఆ మాటకు నిలబడలేక తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఎన్నాళ్ళుగా నాయనా? ఎవరికీ చెప్పకుండా?"

"నాకు తెలుసు," అంది వేదవల్లమ్మ.

అందరం ఆమె వైపు చూశాం.

"రెండేండ్లుగా మామగారి ఆకులో ఏది ఏ మూల వడ్డిస్తే రోజూ ఆ మూలే వడ్డిస్తాండా. ఒక పూట పచ్చడి పక్కకు జరిగితే చెయ్యి వెతుక్కున్నాది. ఆయన చెప్పేదాకా నేనెందుకు చెప్పాల?" కాఫీ గ్లాసు మామగారి చేతికి ఇచ్చింది. నా వైపు ఒక చూపు చూసింది. "వాకిళ్ళకు తెలుపు పెట్టమని చెప్పినా. ఫ్యాషనన్నారు."

పెద్దస్వామి కాఫీ తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కొడుకు ఏమంటాడోనని వింటున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి, కొడుకు మాట కోసం బడిపిల్లాడిలా.

"ఈ పొద్దు గోష్ఠికి పోయినారా?" అన్నాడు వరదాచారి చివరికి.

"వాకిలి దొరకలే. ఎట్ల పోయేది?"

"అయితే రేపట్నుంచి..."

"నువ్వు వద్దన్నా నేను పోతా వరదా. ముందే చెప్తాండా."

"వద్దని ఎవరన్నారు నాయనా. నేనొస్తా."

తర్వాతి సంగతి

ఆ రోజు నుంచి హాలు పనికి పెద్దస్వామే మేస్త్రీ. ఆయన్ని హాలు మధ్యలో కూర్చోబెట్టి, నేను సున్నంలో ముంచిన గుడ్డ పట్టీలు గోడ మీద పట్టి చూపించేవాణ్ణి. "ఇంకా లావు చెయ్యి. ఇది తెలీలే. ఆ, ఇప్పుడు తెలుస్తాండాది. గడపకు కూడా ఒకటి గీయి." ఆయన చెప్పిన వెడల్పులో మూడు వాకిళ్ళ చుట్టూ తెల్ల ఎనామిలు వేశాను. నడుము కింద డికాషను రంగు ఉంచి, పైన లేత పాలరంగు వేశాను. పని అయ్యాక ఆయన లేచి తన గది నుంచి పెరుమాళ్ళ గదికి, అక్కడి నుంచి వీధి వాకిలికి ఎక్కడా గోడ తాకకుండా నడిచారు. శతాభిషేకానికి వచ్చిన బంధువుల్లో ఇద్దరు తమ ఇళ్ళకూ అట్లాగే వేయమని అడిగారు. మీ ఇంట్లో ఎవరుంటారో చూసి చెబుతానన్నాను.

ఆ తర్వాత ఎన్నో డికాషను హాళ్ళు చేశాను. ప్రతి ఇంట్లో మొదటి రోజు డబ్బా తెరవలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టే వేళ ఒకసారి పోయి కూర్చున్నాను. ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి ఎవరో కనుక్కుని వాళ్ళను అడిగాను. పొగరు మాత్రం పూర్తిగా పోయిందని చెప్పను. అది కూడా నూనె మరకలాంటిదే, పైకి తేలుతుంటుంది. శాస్త్రం పేరు చెప్పి మాత్రం ఇంకెప్పుడూ పని చేయించుకోలేదు.

గోష్ఠి సంగతి. చేతుల ముద్రలు పడిన మర్నాటి నుంచి వరదాచారి తండ్రి చెయ్యి పట్టుకుని మందిరం దాకా వచ్చేవాడు. ఆఫీసు మనిషి, చిన్నప్పుడు నేర్చుకున్నదంతా మరిచిపోయాడు. సిగ్గుపడి లోపలికి వచ్చేవాడు కాదు, చెప్పులు విడిచే చోట నిలబడి వినేవాడు. పది రోజులకు గడపలోకి జరిగాడు. నెల తిరిగేసరికి చాప అంచున కూర్చున్నాడు. ఒక శనివారం తండ్రి మొదటి పాదం ఎత్తుకుంటే, రెండోది అందుకున్నవాళ్ళలో ఒక కొత్త గొంతు వినపడింది. శృతి ఎక్కడో, గొంతు ఎక్కడో. మాలో ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు.

గోష్ఠి ముగిశాక తీర్థం పుచ్చుకుంటూ నేను పెద్దస్వామితో అన్నాను. "చిన్నస్వామి కూడా ఎత్తుకున్నారు ఈ పొద్దు."

"విన్నానప్పా," అన్నారు. కొడుకు చెప్పులు తేవడానికి పోయాడని తెలుసుకుని, నా వైపు వంగి గొంతు తగ్గించారు. "పాట రాదు వాడికి. వాడితో నడక బాగుంటాది."